రామచిలుక: రూపం, ఆహారం, పంటపొలంలో దాని స్థానం

రాష్ట్ర విభజన అనంతరం 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఈ పక్షి మన్మథుని వాహనంగా కావ్యాల్లోనూ, గోదాదేవి చేతిలో దేవాలయ శిల్పాల్లోనూ, చీట్లు తీసే జోస్యగాని పంజరంలోనూ తెలుగువారికి చిరపరిచితం. పొద్దుతిరుగుడు గింజ కట్టిన నాటి నుంచి తెల్లవారకముందే చేనికి పరుగెత్తే రైతుకు మాత్రం దీని పరిచయం వేరు. ఒకే పక్షి ఇటు గౌరవచిహ్నంగా, అటు పంటశత్రువుగా ఉన్నప్పుడు విస్తరణ శాస్త్రవేత్త రైతుకు చెప్పే సలహా ఆ పక్షి దేహనిర్మాణం, ఆహారపు అలవాట్ల మీద ఆధారపడాలి. తరిమే పద్ధతుల గురించి మన ప్రచురణల్లో తగినంత సమాచారం ఉంది. తరమవలసిన పక్షి ఏమిటి, అది ఎందుకు వస్తుంది, ఏ విధంగా తింటుంది అన్న విషయాల మీద మాత్రం అంత శ్రద్ధ కనిపించదు. క్షేత్ర నివేదికల్లో ‘చిలుకల వల్ల నష్టం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాటి అయింది.

ఏ చిలుక?

తెలుగు ప్రాంతంలో చిలుక అనదగిన పక్షులు ఒకటి కంటె ఎక్కువ ఉన్నాయి. పొలాల్లో, తోటల్లో, పట్టణాల్లో అత్యధికంగా కనిపించేది రామచిలుక. దీని శాస్త్రీయ నామం సిట్టాక్యులా క్రామెరి. స్కోపొలీ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1769లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. నాలుగు ఉపజాతుల్లో రెండు ఆఫ్రికాకు, రెండు ఆసియాకు చెందినవి. దక్షిణ భారతంలోనూ, శ్రీలంకలోనూ ఉండేది ‘మానిల్లెన్సిస్’ అనే ఉపజాతి.

దీనితో పొరబడే అవకాశమున్న పక్షుల్లో మొదటిది పెద్ద చిలుక, అనగా అలెగ్జాండ్రైన్ చిలుక. ఆకారంలో రామచిలుక కంటె స్పష్టంగా పెద్దది; ముక్కు బాగా బరువుగా ఉంటుంది; రెక్క భుజం వద్ద ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది. ఈ మచ్చ ఆడ, మగ రెండింటిలోనూ కనిపిస్తుంది కాబట్టి గుర్తింపుకు ఇదే నమ్మదగిన లక్షణం. రెండవది రామచిలుక కంటె చిన్నదైన పసుపు ముక్కు చిలుక. దీని మగపక్షి తల రేగుపండు, ఊదా కలిసిన రంగులోనూ, ఆడపక్షి తల బూడిద రంగులోనూ ఉంటాయి. అడవి అంచున ఉన్న జొన్న చేలపై ఇది గుంపులుగా వాలుతుంది. తూర్పు కనుమల్లో పిచ్చుకంత పరిమాణంలో, పొట్టి తోకతో ఉండే వేలాడే చిలుక కూడా ఉన్నది. అది తేనె, పూలు, మెత్తని పండ్లపై ఆధారపడుతుంది, పైర్లతో దానికి పెద్దగా సంబంధం లేదు.

ఈ భేదాలకు ఆచరణలో ప్రాముఖ్యం ఉంది. పెద్ద చిలుక సంఖ్య తగ్గుతున్నందున అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దానిని ప్రమాదపు అంచుకు చేరువైన జాతుల్లో చేర్చింది. రామచిలుక విషయంలో అటువంటి ఆందోళన లేదు. నష్టం నమోదు చేసేవారు జాతి పేరు రాయకపోతే, అరుదవుతున్న పక్షి చేసిన పని, విస్తారంగా ఉన్న పక్షి చేసిన పని ఒకే ఖాతాలో పడతాయి.

రూపం

రామచిలుక ముక్కు కొన నుంచి తోక కొన వరకు సుమారు 40 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అందులో సగానికి పైగా తోకదే. బరువు మాత్రం 110 నుంచి 140 గ్రాముల మధ్య. చూపులకు పెద్దదిగా తోచినా, బరువులో ఒక జామకాయకు మించదు. దేహమంతా లేత గడ్డి పచ్చరంగు. తోక పై భాగంలో నీలి ఛాయ, అడుగున పసుపు ఛాయ ఉంటాయి. పై ముక్కు పగడపు ఎరుపు. మన ప్రాంతపు ఉపజాతిలో కింది ముక్కు నల్లగా ఉంటుంది.

ఎదిగిన మగపక్షికి గడ్డం కింద నల్లని చార మొదలై చెంపల మీదుగా మెడ పక్కలకు సాగుతుంది. మెడ వెనుక ఆ చారను ఆనుకొని గులాబీ రంగు కంఠాభరణం, దానికి పైన లేత నీలి ఛాయ ఉంటాయి. ఆడపక్షికి ఈ ఆభరణం లేదు. ఉంటే మరకతపు పచ్చని మసక చార మాత్రమే. అయితే మెడపట్టీ లేని ప్రతి పక్షీ ఆడది కాదు. మగపిల్లలు కూడా మొదట ఆడపక్షుల మాదిరిగానే ఉండి, దాదాపు మూడవ ఏట గాని పూర్తి పట్టీని ధరించవు. గుంపును దుర్భిణితో చూసి, పట్టీ ఉన్నవాటిని మగవిగా, మిగిలినవన్నీ ఆడవిగా లెక్కగట్టి లింగ నిష్పత్తిని నిర్ణయించే విద్యార్థి చేసే పొరపాటు ఇక్కడే ఉంది. అతనికి ఆడపక్షులు అధికంగా కనిపిస్తాయి; నిజానికి అతడు లెక్కించినది ఆడపక్షులతో కలిసిన రెండు మూడేళ్ల లేత మగపక్షులను. కంటిపాప చుట్టూ ఉండే వలయం ముదిరిన పక్షిలో తెలుపు, లేత పసుపు రంగులో, పిల్లల్లో మసకగా ఉంటుంది. దగ్గర నుంచి చూడగలిగినప్పుడు వయసు అంచనాకు ఇది కొంత తోడ్పడుతుంది.

చిలుక పచ్చదనం వెనుక ఒక విశేషముంది. అనేక పక్షుల్లో ఎరుపు, పసుపు రంగులు ఆహారంలోని కెరోటిన్ వర్ణకాల నుంచి ఏర్పడతాయి. చిలుకల జాతిలో మాత్రం ఈ రంగులకు సిట్టకోఫల్విన్లు అనే ప్రత్యేక వర్ణకాలు కారణం. వీటిని పక్షి తన శరీరంలోనే తయారు చేసుకొంటుంది. ఈకలోని సూక్ష్మ నిర్మాణం వెలుతురును చెదరగొట్టడం వల్ల పుట్టే నీలిరంగు, ఈ పసుపు వర్ణకం రెండూ కలిసి మన కంటికి ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఈకలో ఆకుపచ్చ వర్ణకమంటూ వేరే లేదు. ఆహారం వల్ల ఈకల రంగు మారుతుందన్న నమ్మకానికి చిలుకల విషయంలో ఆధారం దొరకదు.

ముక్కు, నాలుక, పాదం

పంటనష్టాన్ని అర్థం చేసుకోవడానికి రంగుల కంటె ముక్కు ముఖ్యం. చాలా పక్షుల్లో పై ముక్కు పుర్రెతో దాదాపు కదలకుండా అతుక్కుని ఉంటుంది. చిలుకలో పుర్రెకు, పై ముక్కుకు నడుమ బందు వంటి కీలు ఉన్నందున పై ముక్కు కూడా స్వేచ్ఛగా కదులుతుంది. కింది ముక్కు అంచు ఉలి వలె పదునైనది. పై ముక్కు లోపలి భాగంలో అడ్డంగా ఉన్న గరుకు గీతలు గింజ జారకుండా పట్టుకొంటాయి. మందమైన, కండగల నాలుక గింజను కావలసిన వైపుకు తిప్పుతుంది. కింది ముక్కు దాని పొట్టును చీల్చుతుంది. పప్పు లోపలికి పోతుంది, పొట్టు నేలరాలుతుంది. పొద్దుతిరుగుడు గింజ మీద ఈ ప్రక్రియ అంతా క్షణాల్లో ముగుస్తుంది.

పాదానికి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనుకకు ఉంటాయి. ఈ అమరిక వల్ల చిలుక కొమ్మను తలకిందులుగా కూడా పట్టుకోగలదు. ఒక కాలిపై నిలిచి, మరో కాలిని చేతివలె వాడి కాయను నోటికి అందించుకోగలదు. ముక్కును మూడవ కాలుగా ఉపయోగించి పైకి పాకడం కూడా దీనికి సహజం. కాబట్టి కంకి వంగి ఉన్నా, పువ్వు నేలవైపు వాలినా, పిచ్చుకకు కలిగే అసౌకర్యం చిలుకకు కలగదు. పొద్దుతిరుగుడులో పువ్వు బాగా కిందికి వంగే రకాలపై నష్టం కొంత తక్కువగా ఉంటుందన్నది వాస్తవమే కాని, వంగిన పువ్వు వెనుక భాగంపై వాలి, అంచు మీదుగా మెడ వంచి గింజలు లాగే చిలుకను చూసినవారు దానిని సంపూర్ణ రక్షణగా భావించరు.

మింగిన ఆహారం మెడ కింది సంచిలో చేరి, ఆపై కందనకాయలో నలుగుతుంది. ముక్కు వద్దే పప్పు ముక్కలైపోవడం వల్ల చిలుక కడుపు దాటి బయటపడి మొలకెత్తే గింజలు బహు తక్కువ. పిగిలిపిట్ట, కోకిల, గోరువంక వంటివి పండు గుజ్జు కోసం తిని విత్తనాన్ని వేరొకచోట విసర్జించి చెట్ల వ్యాప్తికి తోడ్పడతాయి. చిలుక ప్రధానంగా విత్తనభక్షకి. చిలుకా గోరువంకా అని జంటగా పలకడం మన భాషలో అలవాటు. పొలంలో వాటి పని మాత్రం పూర్తిగా భిన్నం. దుక్కి వెంట నడుస్తూ పురుగులను ఏరేది గోరువంక. చిలుక పురుగుల జోలికి పోవడం చాలా అరుదు. కీటక నియంత్రణ పేరుతో చిలుకను సమర్థించే ప్రయత్నాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. అవి నిలబడవు, అవసరమూ లేదు. ఒక జాతిని రక్షించడానికి అది రైతుకు కూలి చేస్తున్నదని నిరూపించనక్కరలేదు.

ఆహారం

భారతదేశంలో పక్షుల ఆహారంపై తొలి విస్తృత శాస్త్రీయ పరిశీలన బీహారులోని పూసాలో జరిగింది. మేసన్, లెఫ్రాయ్ పక్షుల కడుపుల్లోని పదార్థాన్ని పరీక్షించి 1912లో ఫలితాలను వ్యవసాయ శాఖ ప్రచురణగా వెలువరించారు. తదనంతరం లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోను, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ పక్షిశాస్త్ర అఖిల భారత పథకం కింద జరిగిన కృషి ఈ అవగాహనను పంటలవారీగా విస్తరింపజేసింది. రామచిలుక దాదాపు పూర్తిగా శాకాహారి అనడంలో భేదాభిప్రాయం లేదు. ధాన్యాలు, నూనెగింజలు, పండ్లు, పచ్చికాయలు, పూమొగ్గలు, మకరందం దాని ఆహారం.

తెలుగు ప్రాంతంలో దాని సంవత్సరాన్ని పరిశీలిస్తే ఆహారం చెట్టు నుంచి చేనుకు, చేను నుంచి చెట్టుకు మారుతూ ఉంటుంది. శీతాకాలం చివర బూరుగ, మోదుగ పూస్తాయి. చిలుకలు పూరేకులను తుంచి మకరందాన్ని అందుకొంటాయి. అదే సమయంలో రబీ జొన్న కంకి, రబీ పొద్దుతిరుగుడు గింజ పోసుకొంటాయి. వేసవిలో సీమచింత, మామిడి, వేపపండ్లు లభిస్తాయి. తొలకరి తర్వాత నేరేడు, జామ. ఖరీఫ్ మొక్కజొన్న కండె పాలు పోసుకొనే దశకు రాగానే పొలం మళ్లీ ఆకర్షిస్తుంది. ఆపై సజ్జ, జొన్న, కంది కాయలు, చలికాలంలో రేగు. రావి, మర్రి, మేడి వంటి చెట్ల పండ్లు ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటాయి. పొలాల గట్ల మీద ఈ చెట్లు తగ్గిన చోట చిలుకకు చేనే మిగిలిన ఆహారం.

మిరప సంగతి ప్రత్యేకంగా చెప్పదగినది. గుంటూరు మిరప మన నోటిని మండించేది కాప్సైసిన్ అనే పదార్థం. క్షీరదాల నాడీకణాల్లో వేడిని, మంటను గుర్తించే ఒక గ్రాహకానికి ఇది తగులుకొంటుంది. పక్షుల్లో ఆ గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదని 2002లో కోళ్ల గ్రాహకంపై జరిగిన పరిశోధన వెల్లడించింది. చిలుక పండుమిరపను చీల్చి గింజలు తింటుందంటే కారాన్ని ఓర్చుకొని కాదు. దానికి కారమన్న అనుభూతే లేదు. మిరప తినిపిస్తే చిలుకకు మాటలు వస్తాయన్న నమ్మకం కొందరిలో ఉంది. చిలుక మాట నేర్వడం అనుకరణ శక్తి వల్ల. మిరపకు అందులో పాత్ర లేదు. మాటలు నేర్పడానికి దానిని పంజరంలో ఉంచడమే చట్టవిరుద్ధమని గ్రామసభల్లో చెప్పవలసి ఉంది.

‘చిలక కొట్టిన కాయ తీపి’ అన్న మాట పల్లెల్లో నేటికీ వినిపిస్తుంది. పక్వానికి వచ్చిన పండును పక్షి ఎంచుకొనే మాట కొంతవరకు నిజం. అయితే జామలో చిలుక లక్ష్యం తరచుగా గుజ్జు కాక గింజ. కాబట్టి పచ్చికాయలను కూడా కొరికి గింజల భాగాన్ని తిని మిగిలినది వదిలేస్తుంది. కొరికిన చోట కుళ్లు ప్రవేశిస్తుంది, పండుఈగ గుడ్లు పెడుతుంది. పైగా పండుపై ఉన్న గాటు చిలుకదో, రాత్రివేళ వచ్చిన గబ్బిలానిదో సామాన్యునికి తెలియదు. కేరళలో నిపా జ్వరం బయటపడిన తర్వాత, పక్షులు, జంతువులు కొరికిన పండ్లు తినరాదని ఆరోగ్యశాఖలు హెచ్చరించిన సంగతి తోట రైతులకు, ముఖ్యంగా పిల్లలున్న ఇళ్లకు తెలియజేయాలి.

తినడం, పారవేయడం

రామచిలుక తిన్నదాని కంటె పాడుచేసేది ఎక్కువన్నది పక్షిశాస్త్ర గ్రంథాలన్నిటా కనిపించే మాట. దీనికి కారణం దుర్బుద్ధి కాదు. కాలితో పట్టుకొని తినే పక్షి కాయను కోసి తీసుకోవాలి. కోసినది జారితే దిగివచ్చి ఏరుకోదు, మరొకటి కోస్తుంది. నేల మీద ఉండగా శత్రువుకు చిక్కే ప్రమాదం కొమ్మ మీద ఉన్నప్పటి కంటె అధికం. గింజలో లేత భాగం రుచించి మిగిలినది విడవడం, గుంపులో ఒక పక్షి ఎగిరితే అన్నీ ఎగరడం, ఆ కంగారులో ముక్కున ఉన్నది జారవిడవడం కూడా దీనికి తోడవుతాయి. ఈ చివరి అంశం నుంచి ఒక చేదు ఫలితం తేలుతుంది. రోజంతా అరకొరగా అదిలించే కాపలాదారు గుంపును చేనులోనే ఒక మూల నుంచి మరో మూలకు మార్చి, పారవేత పాలును పెంచే అవకాశం ఉంది. అదిలిస్తే చేను దాటి పోయేటట్లు అదిలించాలి. లేకుంటే ప్రయోజనం స్వల్పం.

చిలుకలు సూర్యోదయం తర్వాత రెండు మూడు గంటలు, సాయంత్రం మరో రెండు గంటలు ముమ్మరంగా మేస్తాయి. మధ్యాహ్నం నీడపట్టున విశ్రమిస్తాయి. సంధ్యవేళ దూరప్రాంతాల నుంచి గుంపులుగా వచ్చి, కాకులు, గోరువంకలతో కలిసి పెద్ద చెట్లపై రాత్రి మకాం చేస్తాయి. మంచె మీద రోజంతా కాపలా ఉంచలేని రైతు ఈ రెండు వేళలకైనా మనిషిని నిలబెట్టగలిగితే వ్యయం తగ్గి, ఫలితం దక్కుతుంది.

దీనికి సంతానకాలం ఒకటి జతపడుతుంది. దక్షిణాదిన రామచిలుక శీతాకాలం నుంచి వేసవి ఆరంభం వరకు చెట్ల తొర్రల్లో, పాత గోడల రంధ్రాల్లో మూడు నుంచి ఐదు తెల్లని గుడ్లు పెడుతుంది. మూడు వారాలు దాటాక పిల్లలు వెలువడతాయి. ఎగరడానికి మరో ఆరేడు వారాలు పడుతుంది. తల్లిదండ్రులు తాము మింగిన ఆహారాన్ని కక్కి పిల్లలకు పెడతాయి. కొవ్వు, మాంసకృత్తులు గల ఆహారం అవసరమైన ఈ కాలంలోనే రబీ పొద్దుతిరుగుడు పక్వానికి వస్తుంది. చిలుక దృష్టిలో దానికి మించిన ఆహారం మరొకటి లేదు.

నష్టపు గుర్తులు

నష్టాన్ని చూసి కారకుని గుర్తించడం విస్తరణ సిబ్బందికి తప్పనిసరి. పొద్దుతిరుగుడులో చిలుక తిన్నచోట గింజ ఉండదు, దాని గూడు మాత్రం ఖాళీగా ఉంటుంది. మొక్క మొదట్లో నిలువుగా చీలిన పొట్టు రాలి ఉంటుంది. పువ్వు మధ్యభాగంలో గింజలు గూళ్లలోనే ఉండి, నొక్కితే లోపల పప్పు లేకపోతే అది తాలు. పరపరాగ సంపర్క లోపం, నీటి ఎద్దడి, బోరాన్ లోపం వంటివి దానికి కారణాలు. ఈ రెండింటినీ కలిపి ‘చిలుకల నష్టం’గా రాసిన సందర్భాలు తక్కువేమీ కాదు. అలా రాసిన చోట రైతు తేనెటీగల గురించి, బోరాన్ గురించి వినవలసిన సలహా వినకుండాపోతాడు.

మొక్కజొన్నలో చిలుక కండె కొనవద్ద పైపొరలను చీరికలుగా చించి, కొన నుంచి కిందికి గింజలు తింటుంది. మొక్క నిలిచే ఉంటుంది. అడవిపంది మొక్కనే పడగొడుతుంది. కాకి కూడా పొరలు చించుతుంది కాబట్టి ఉదయం వేళ ప్రత్యక్షంగా చూసి నిర్ధారించుకోవడం మేలు. పొరలు చిరిగిన కండెపై వర్షం పడితే మిగిలిన గింజలకు బూజు పడుతుంది. ఈ పరోక్ష నష్టం చిలుక తిన్న గింజల లెక్కలో రాదు.

నష్టాన్ని కొలిచేటప్పుడు గట్టు పక్క వరుసలను, లోపలి భాగాన్ని విడివిడిగా నమూనా తీయాలి. పొద్దుతిరుగుడు పువ్వుపై గళ్లు గీసిన పారదర్శక కాగితం ఉంచి, ఖాళీ అయిన గళ్లను లెక్కించడం సులభమైన పద్ధతి. గట్టు మీద నిలబడి చూసిన అంచనా ఎప్పుడూ ఎక్కువగానే వస్తుంది.

చిన్న చేను, ఒంటరి చేను

పక్షి నష్టంలో తరచుగా విస్మరణకు గురయ్యే అంశం చేని పరిమాణం. లెక్క కోసం ఒక చిలుక రోజుకు 15 గ్రాముల గింజ తింటుందని, అంతే బరువు పారవేస్తుందని అనుకొందాం. 100 చిలుకల గుంపు 20 రోజులు ఒక చేనిని ఆశ్రయిస్తే మొత్తం 60 కిలోల గింజ పోతుంది. ఆ చేను ఒక ఎకరమై, దిగుబడి 6 క్వింటాళ్లైతే నష్టం 10 శాతం. అదే గుంపు, ఒకేసారి విత్తిన 20 ఎకరాల మీద తిరిగితే నష్టం అర శాతం. పక్షి మారలేదు, దాని ఆకలి మారలేదు. మారినది పంట విస్తీర్ణం మాత్రమే.

అంచు ప్రభావం కూడా ఇదే చెబుతుంది. చిలుక చెట్టు మీద నుంచి చేని అంచుకు దిగడానికి ఇష్టపడుతుంది. చతురస్రాకారపు ఒక ఎకరంలో గట్టు నుంచి 3 మీటర్ల లోపల ఉండే భాగం మొత్తంలో 18 శాతం. 10 ఎకరాలు ఒకే చెక్కగా ఉంటే ఆ భాగం 6 శాతానికి పడిపోతుంది. తెలుగు ప్రాంతంలో పొద్దుతిరుగుడు విస్తీర్ణం గతంతో పోలిస్తే బాగా తగ్గి, చేలు అక్కడొకటి ఇక్కడొకటిగా మిగిలాయి. ధర, నీరు, తెగుళ్లు వంటి కారణాలతో పంట వదిలినవారి వల్ల, పంట వదలనివారి చేలపై పక్షుల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మరికొందరు పంట వదులుతారు. కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో ఒంటరిగా పొద్దుతిరుగుడు వేసే రైతు చిలుకల మీద చేసే ఫిర్యాదును ఈ వెలుగులో వినాలి. అతనికి రిబ్బను కంటె, అదే వారంలో విత్తే పొరుగువారు ఎక్కువ అవసరం.

విత్తనోత్పత్తి క్షేత్రాలకు ఈ సమస్య రెట్టింపు. జన్యు స్వచ్ఛత కోసం ఇతర చేలకు దూరంగా వేయాలన్న నిబంధనే వాటిని ఒంటరి చేలుగా మారుస్తుంది. పరిశోధనా స్థానాల్లోని రకాల పరీక్షల్లో మరో చిక్కు ఉంది. స్వల్పకాలిక రకం ముందుగా గింజ పోసుకొంటుంది. చుట్టుపక్కల మరేమీ లేనందున గుంపంతా దాని మీదే వాలుతుంది. తరువాత పక్వానికి వచ్చే రకాలకు నష్టం పంచబడుతుంది. పక్షి నష్టాన్ని నమోదు చేయకుండా దిగుబడిని మాత్రమే పోల్చితే, స్వల్పకాలిక రకం అసలు సామర్థ్యం కంటె తక్కువగా కనబడి తిరస్కరణకు గురికావచ్చు. స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల్లో చిన్న మడులపై పక్షి నష్టం గురించిన ఒక్క వాక్యమైనా ఉండాలనడం అత్యాశ కాదు. పరిమిత సంఖ్యలో పువ్వులకు, కండెలకు గాలి ఆడే సంచులు తొడగడం ఇటువంటి మడుల్లో సాధ్యమే.

నివారణ

రామచిలుక వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన పక్షి. చంపడం, పట్టడం, విషపు ఎరలు పెట్టడం నేరం. విషపు గింజ చిలుకను ఒక్కదానినే ఎంచుకోదు. పావురం, గోరువంక, నెమలి, వాటిని తిన్న గద్ద, ఒక్కోసారి పశువు కూడా బలి అవుతాయి. కాబట్టి మిగిలిన మార్గాలు పక్షికి అసౌకర్యం కల్పించేవే.

ఒకవైపు ఎరుపు, మరోవైపు వెండి రంగు గల మెరిసే రిబ్బను వీటిలో బాగా పరీక్షకు నిలిచినది. 1980లలో బంగ్లాదేశ్, భారతదేశం, ఫిలిప్పీన్స్ తదితర దేశాల్లో దీనిపై పరిశీలనలు జరిగాయి. పంటకు కొద్దిగా ఎత్తున, ఉత్తర దక్షిణాలుగా, కొన్ని మెలికలు తిప్పి కట్టినప్పుడు ఉదయ సాయంకాలపు ఎండ దానిపై పడి మెరుస్తుంది, గాలికి ధ్వని చేస్తుంది. దీని ప్రభావం శాశ్వతం కాదు. రెండు వారాలు గడిచేసరికి పక్షులు అలవాటు పడతాయి. విత్తిన నాడే రిబ్బను కట్టే రైతు, అవసరమైన దశ వచ్చేసరికి దానిని చిలుకలకు పరిచితం చేసినవాడౌతాడు. గింజ పాలు పోసుకోవడం మొదలైనప్పుడు కట్టడమే సరైనది. దిష్టిబొమ్మ, డబ్బా మోత, టపాసుల తుపాకి, వడిసెల, శత్రుపక్షుల అరుపుల ధ్వనియంత్రం అన్నిటికీ ఇదే పరిమితి వర్తిస్తుంది. ఒక్కొక్కటి విడిగా విఫలమౌతుంది. మూడు నాలుగు రోజులకోసారి మార్చి మార్చి వాడినప్పుడు కొంతకాలం నిలుస్తాయి.

మొక్కజొన్నలో గట్టు పక్క రెండు మూడు వరుసల కండెలను అదే మొక్క ఆకులతో చుట్టి కప్పడం ఖర్చు లేని పద్ధతి. నష్టమంతా అంచుల్లోనే మొదలవుతుంది కాబట్టి చేనంతా చుట్టనక్కరలేదు. విలువైన విత్తన క్షేత్రం చుట్టూ జొన్ననో మొక్కజొన్ననో ఒత్తుగా తెర వలె పెంచి లోపలి పంట కనబడకుండా చేయవచ్చు. ఆ తెర పంటను కంకి వేయకముందే పశుగ్రాసంగా కోయాలి, లేనిచో అదే ఎరగా మారుతుంది. జామ, దానిమ్మ తోటల్లో వల ఖర్చు పంట విలువకు తగినదే. పొద్దుతిరుగుడు చేనుకు వల గిట్టుబాటు కాదు.

కోత ఆలస్యం చేయకపోవడం పెద్దగా ప్రచారానికి నోచుకోని ఉపాయం. పొద్దుతిరుగుడు పువ్వు వెనుక భాగం నిమ్మపండు పసుపుకు తిరిగినప్పుడే గింజ జీవక్రియాపరంగా పక్వమైనట్లు. అప్పటి నుంచి పంట మొక్క మీద ఎండే ప్రతి రోజూ చిలుకలకు అదనపు రోజు. కూలీల కొరత వల్ల, యంత్రం కోసం ఎదురుచూడటం వల్ల ఈ ఎండబెట్టే కాలం పదిహేను రోజులకు సాగుతున్న గ్రామాల్లో, పువ్వులు కోసి కళ్లంలో ఆరబెట్టడం ఎంత మేర సాధ్యమో ముందుగా చర్చించాలి. యంత్రపు కోతకు అలవాటుపడిన చోట ఈ సలహా రైతుకు రుచించదు. అయినా ఆ పదిహేను రోజుల నష్టాన్ని, కోత కూలిని పక్కపక్కన లెక్కగట్టి చూపితే కొందరైనా ఆలోచిస్తారు.

రాత్రి మకాం చెట్లను నరికించమని అడిగే గ్రామాలు ఉన్నాయి. నరికితే గుంపు మరో చెట్టుకు మారుతుంది. గంటకు పదుల కిలోమీటర్ల వేగంతో ఎగిరే పక్షికి అది లెక్కలోనిది కాదు. తొర్రలున్న ఆ ముసలి చెట్లలోనే గుడ్లగూబలు, పాలపిట్టలు, గోరువంకలు కూడా గూడు కడతాయి. ఎలుకలను తినే గుడ్లగూబ వెళ్లిపోయిన తర్వాత కూడా చిలుక ఆ చేనికి వస్తూనే ఉంటుంది.